పరుగులో, జిమ్‌లో ఛాతీ నొప్పి ఎందుకొస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ జేఎన్ఎస్ గ్రౌండ్‌లో తెల్లారకముందే రౌండ్లు కొట్టే కానిస్టేబుల్ అభ్యర్థులు, ఆర్మీ ర్యాలీకి తయారయ్యే పిల్లలు, డ్యూటీ దిగి జిమ్‌కు పోయే సింగరేణి కార్మికులు, షుగర్ బయటపడ్డాక పరుగు మొదలుపెట్టిన నలభై ఏళ్లవాళ్లు. ఛాతీ నొప్పి గురించి వీళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే. మొదటి ప్రశ్న నొప్పి ఇప్పుడే ఉన్నవాళ్ల కోసం. మిగతావి తీరిగ్గా చదవొచ్చు.

నొప్పి ఇప్పుడే వస్తోంది. ఏం చేయాలి?

ఆగిపోండి. "ఈ ఒక్క రౌండ్ అయిపోనీ" అనుకోవద్దు. నడుస్తూ తగ్గించుకోవాలని కూడా చూడొద్దు. నీడలో వీపు ఆనించి కూర్చోండి.

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండేస్తున్నట్టు ఉన్నా, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా, చేసిన శ్రమకు మించి ఆయాసం వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, అన్నీ కలిసి రావాలని లేదు.

గుండెపోటు అనుమానం బలంగా ఉంటే పెద్దవాళ్లు 300 నుంచి 325 ఎంజీ ఆస్పిరిన్ నమిలి మింగాలి. ఇంట్లో 75 ఎంజీ మాత్రలే ఉంటే నాలుగు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండు నుంచి రక్తం పోయినవాళ్లు, డెంగీ అనుమానం ఉన్నవాళ్లు, వీపు చీల్చినట్టు నొప్పి ఉన్నవాళ్లు వేసుకోకూడదు. పక్కింటాయన జేబులో ఉన్న సార్బిట్రేట్ (గుండె నొప్పికి వాడే మాత్ర) నాలుక కింద పెట్టుకోవద్దు. బీపీ పడిపోయి ఉంటే, గుండె కండరం మందంగా ఉండే జబ్బు ఉంటే, లైంగిక సామర్థ్యం కోసం వయాగ్రా లాంటి మాత్ర వేసుకుని ఉంటే అది ప్రాణం మీదికి తెస్తుంది.

మీరే బండి నడుపుకుంటూ ఆస్పత్రికి పోవద్దు. దారిలో ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ కోసం ఆగొద్దు. ఈసీజీ తీసి, అవసరమైతే రక్తం గడ్డను కరిగించే మందు ఇవ్వగల చోటికి నేరుగా పోవాలి. అలాంటి ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పి బయలుదేరితే ఇంకా మంచిది.

ఏది గుండె నొప్పి, ఏది కండరాల నొప్పి? ఎలా తెలుస్తుంది?

చాలామంది ఎడమవైపా, కుడివైపా అని చూసుకుంటారు. దానివల్ల తెలిసేది తక్కువ. గుండె నొప్పి తరచుగా రొమ్ము ఎముక వెనక, నడిమధ్యన వస్తుంది. ఎడమ రొమ్ము కింద సూది గుచ్చినట్టు క్షణంపాటు వచ్చిపోయేది చాలావరకు గుండెది కాదు. చూడాల్సింది చోటు కంటే సమయం: ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ఆగింది?

గుండెకు రక్తం చాలకపోతే వచ్చే నొప్పి శ్రమతో పెరిగి, ఆగితే రెండు నుంచి పది నిమిషాల్లో తగ్గుతుంది. మళ్లీ అంతే వేగానికి చేరగానే మళ్లీ వస్తుంది. మూడో రౌండ్‌లో వస్తే రేపు కూడా మూడో రౌండ్‌లోనే రావచ్చు. కొన్ని రోజులకు రెండో రౌండ్‌లోనే వస్తుంటే అది ముదురుతున్నట్టు. వేలితో "ఇక్కడ" అని చూపించలేరు, అరచేతిని ఛాతీ మీద పెట్టి చూపిస్తారు.

కండరాల, పక్కటెముకల నొప్పి ఒక్క వేలితో చూపించగలిగే చోట ఉంటుంది. నొక్కితే, ఒళ్లు తిప్పితే, దగ్గితే పెరుగుతుంది. పరుగు ఆపినా పోదు, ఆ రాత్రి పక్క మీద దొర్లినప్పుడు కూడా తెలుస్తుంది. ఊపిరితిత్తి పొర నొప్పి గట్టిగా దమ్ము తీసినప్పుడు కోసినట్టు ఉంటుంది. గుండె చుట్టూ పొర వాచితే పడుకున్నప్పుడు ఎక్కువై, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది.

ఇవన్నీ వైపు చూపించే గుర్తులే తప్ప తీర్పులు కావు. నొక్కితే నొప్పి ఉన్నంత మాత్రాన గుండె జబ్బు లేదని తేలినట్టు కాదు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు అసలు నొప్పే లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంగా మాత్రమే రావచ్చు.

పరుగెత్తుతుంటే పక్కలో పట్టేస్తోంది. భయపడాలా?

పక్కటెముకల కింద, ఎక్కువగా కుడివైపు పట్టేసి, వేగం తగ్గించగానే పోతే భయం లేదు. తిన్న రెండు గంటల్లోపు పరుగెత్తినా, ముందు అర లీటరు నీళ్లో చక్కెర ఎక్కువున్న జ్యూసో ఒక్కసారిగా తాగినా వస్తుంది. నడక వేగానికి దిగి, పట్టిన చోట వేళ్లతో లోపలికి నొక్కి, పెదాలు బిగించి మెల్లగా గాలి వదలండి. ఒకటి రెండు నిమిషాలు చాలు.

పుషప్స్, డిప్స్, షాట్‌పుట్ మొదలుపెట్టాక రొమ్ము ఎముక పక్కన నొప్పి. కారణం?

పక్కటెముకలు రొమ్ము ఎముకకు కలిసే చోట మెత్తటి ఎముక ఉంటుంది. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడితే అది నొప్పి చేస్తుంది. రెండో ఎముక నుంచి ఐదో ఎముక దాకా, రొమ్ము ఎముక అంచు వెంట నొక్కుతూ పోతే సరిగ్గా మీ నొప్పే బయటపడుతుంది. ఈ బాపతు నొప్పే జిమ్‌లో ఎక్కువ.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే: డిప్స్‌లో భుజం మోచేయి కంటే బాగా కిందికి దిగేదాకా పోవడం, బెంచ్ ప్రెస్‌లో మోచేతులు ఒంటికి 90 డిగ్రీలు పరుచుకోవడం (45 నుంచి 60 మధ్య ఉంచాలి), బార్‌ను ఛాతీకి తాకించి ఎగరేయడం, మగవాళ్ల 7.26 కిలోల షాట్‌ను తిరిగే ఊపుతో కాకుండా ఒట్టి చేతి బలంతో నెట్టడం. నోటిఫికేషన్ వచ్చిన వారమే రోజుకు 200 పుషప్స్ మొదలుపెట్టేవాళ్లకు ఇది రాకుంటేనే ఆశ్చర్యం.

నెట్టే వ్యాయామాలు రెండు వారాలు ఆపి, పరుగు, కాళ్ల వ్యాయామాలు కొనసాగించండి. గుండె పరీక్ష అయ్యాకే నొప్పి మాత్రలు వాడాలి. ఎండలో చెమటోడ్చిన రోజు ఖాళీ కడుపున డైక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీల మీద భారం పడుతుంది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ముందు గోడకు పుషప్స్, తర్వాత మోకాళ్ల మీద, ఆ తర్వాత మామూలువి. పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది.

బరువెత్తుతుండగా చంక ముందు "టప్"మని తెగినట్టు శబ్దం వచ్చి, ఒకటి రెండు రోజుల్లో భుజం దాకా నల్లగా కమిలితే అది ఛాతీ కండరం తెగడం. ఆర్థోపెడిక్ సర్జన్‌ను మొదటి రెండు మూడు వారాల్లోనే కలవాలి. ఆలస్యమైతే కండరం వెనక్కి లాక్కుపోయి కుట్టడం కష్టమవుతుంది.

పరుగులో బాగానే ఉంటా. ఆపాక ఛాతీ బిగుసుకుని దగ్గు వస్తుంది. ఎందుకు?

ఇది గాలిగొట్టాలు ముడుచుకుపోవడం. ఆగిన ఐదు పది నిమిషాలకు ఎక్కువై, అరగంట నుంచి గంటలో దానంతటదే తగ్గుతుంది. పిల్లికూతలు ఉండొచ్చు, ఒట్టి దగ్గే ఉండొచ్చు. చిన్నప్పుడు ఆస్తమా లేనివాళ్లకూ వస్తుంది. దీన్ని "స్టామినా లేదు" అనుకుని ఇంకా గట్టిగా పరుగెత్తేవాళ్లే ఎక్కువ.

నోటితో వేగంగా పీల్చే చల్లటి, పొడి గాలి దీనికి ముఖ్య కారణం. డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున ఎక్కువ కావడం అందుకే. గోదావరిఖని, భూపాలపల్లి దగ్గర ఓపెన్‌కాస్ట్ దుమ్ము, మిర్చి సీజన్‌లో వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఘాటు, కోతల తర్వాత కొయ్యకాళ్లు తగలబెట్టే పొగ దీన్ని రెచ్చగొడతాయి.

పరుగుకు ముందు, తర్వాత ఊపిరి ఊదించి చూసే స్పైరోమెట్రీతో తేలుతుంది. మొదటి సెకనులో ఊదే గాలి 10 శాతం లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే ఇదే. డాక్టర్ రాస్తే పరుగుకు పావుగంట ముందు ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు చాలామందికి పనిచేస్తాయి. అయితే ప్రతిరోజూ గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్కదాని మీదే నెట్టుకొస్తే దాని పట్టు తగ్గుతుంది. అప్పుడు వాపు తగ్గించే స్టిరాయిడ్ ఇన్‌హేలర్ కావాలి. ఇది జిమ్ ఇంజెక్షన్ స్టిరాయిడ్ కాదు, భయపడొద్దు. మందు లేకుండా చేయగలిగింది మంచి వార్మప్: పది నిమిషాల జాగింగ్‌లో 30 సెకన్ల చొప్పున ఆరేడు వేగవంతమైన పరుగులు కలిపితే తర్వాతి గంట పాటు గొట్టాలు అంత తేలిగ్గా ముడుచుకోవు. చలిలో ముక్కూ నోరూ కప్పేలా రుమాలు కట్టుకోండి.

ఇది గ్యాస్ నొప్పే కదా?

కావచ్చు. గట్టి పరుగు, కడుపు బిగించి ఎత్తే స్క్వాట్లు, క్రంచెస్ కడుపులోని ఆమ్లాన్ని అన్నవాహికలోకి నెడతాయి. రాత్రి పదింటికి మిర్చి బజ్జీలో, నూనె కారే సర్వపిండో తిని, పొద్దున ఐదింటికి ఖాళీ కడుపున టీ తాగి గ్రౌండ్‌కు వస్తే మంట రాక ఏమవుతుంది? పుల్లటి తేన్పు, గొంతులోకి మంట, వంగితే ఎక్కువ కావడం దాని గుర్తులు. రాత్రి భోజనం, పడక మధ్య మూడు గంటలు, భోజనం, పరుగు మధ్య మరో రెండు మూడు గంటలు ఉంచితే చాలామందికి సగం తగ్గుతుంది.

కానీ గుండెపోటులో కూడా తేన్పులు వస్తాయి, వాంతి వస్తుంది, పొట్ట పైభాగంలో మంట ఉంటుంది. ఈనో తాగితే తగ్గింది కాబట్టి గ్యాసే అన్న లెక్క తప్పు. గుండె నొప్పి కూడా ఆగి కూర్చున్న ఆ పది నిమిషాల్లోనే తగ్గుతుంది, పేరు ఈనోకు పోతుంది. శ్రమ చేసిన ప్రతిసారీ వచ్చే "గ్యాస్"ను, 35 దాటినవాళ్లకు కొత్తగా మొదలైన "గ్యాస్"ను ఈసీజీ లేకుండా గ్యాస్ అనకూడదు.

ఉన్నట్టుండి ఒక పక్క పొడిచినట్టయి దమ్ము అందడం లేదు. అది కూడా కండరమేనా?

సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రాళ్లలో, ముఖ్యంగా సిగరెట్ తాగేవాళ్లలో ఊపిరితిత్తి పైభాగంలోని చిన్న గాలిబుడగ పగిలి, గాలి బయటికి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. ఆయాసం పెరుగుతూ, పెదాలు నల్లబడుతుంటే నిమిషాలు కూడా లెక్కే. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టినవాళ్లకు మెడ చర్మం కింద నొక్కితే కరకరలాడితే అది కూడా లోపల గాలి లీకైన గుర్తు, అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

బరువు ఎత్తుతుండగా ఛాతీలో మొదలై వీపులోకి చీల్చుకుపోయినట్టు నొప్పి వస్తే పెద్ద ధమని పొర చిరిగిందేమో చూడాలి. మనిషి బాగా పొడుగు, వేళ్లు పొడుగు, బీపీ ఎక్కువ, ఇంట్లో ఇలా చనిపోయినవాళ్లు ఉంటే అనుమానం ఇంకా బలమైనది.

ఇరవై ఏళ్లకే గుండె జబ్బు ఎట్లుంటది?

అరుదే, కానీ ఉంటుంది. ఈ వయసులో రక్తనాళంలో కొవ్వు కంటే పుట్టుకతోనో, జ్వరంతోనో వచ్చినవే ముఖ్యం.

గుండె కండరం అసాధారణంగా మందంగా పెరిగే జబ్బు దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. పరుగు శిఖరానికి చేరినప్పుడో, ఆపిన మరుక్షణమో కళ్లు బైర్లు కమ్మడం దీని ముఖ్య గుర్తు. రెండోది, గుండెకు రక్తం ఇచ్చే నాళం పుట్టుకతోనే తప్పు చోట మొలిచి, రెండు పెద్ద నాళాల మధ్య నుంచి పోవడం. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, ఈసీజీ కూడా బాగానే ఉంటుంది, పూర్తి వేగంలో మాత్రం రక్తం అందదు. మూడోది, వైరల్ జ్వరాల తర్వాత గుండె కండరం వాపు. నాలుగోది మన దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు: చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల వాపులతో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల వాల్వులు దెబ్బతినడం. ఇందులో నొప్పి కంటే ఆయాసం ముందు కనిపిస్తుంది.

పరుగులో స్పృహ తప్పినవాళ్లు, ఇంట్లో 50 ఏళ్ల లోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయినవాళ్లు, గుండెలో శబ్దం ఉందని ఎప్పుడో ఎవరో డాక్టర్ చెప్పినవాళ్లు నొప్పి లేకపోయినా ఈసీజీ, 2డీ ఎకో (గుండె స్కాన్) చేయించుకున్నాకే వేగం పెంచాలి.

నలభై దాటాక జిమ్ మొదలుపెట్టడం తప్పా?

తప్పు కాదు. వ్యాయామం మానేయడమే ఎక్కువ ప్రమాదం. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే చనిపోయినప్పుడు జిమ్‌లంటేనే జనం జంకారు. కానీ ఈ వయసులో చాలాసార్లు సమస్య జిమ్ కాదు, రక్తనాళాల్లో బయటపడకుండా పేరుకున్న కొవ్వు. భారతీయులకు గుండె రక్తనాళాల జబ్బు పాశ్చాత్యుల కంటే దాదాపు పదేళ్లు ముందే వస్తుంది. షుగర్, బీపీ, సిగరెట్, తంబాకు, నాన్నకో అన్నకో చిన్న వయసులో గుండెపోటు: వీటిలో రెండున్నా మొదట డాక్టర్‌ను కలవండి. మొదటి నెల మాటలు మాట్లాడగలిగే వేగం దాటకండి. వారానికోసారి ఆదివారం మాత్రమే వచ్చి మూడు గంటలు క్రికెట్ ఆడే అలవాటు అన్నింటికంటే చెడ్డది.

ప్రీ-వర్కౌట్ పొడి, "దమ్ము ఇంజెక్షన్" తీసుకుంటే ఏమవుతుంది?

ప్రీ-వర్కౌట్‌లో ఒక్క స్కూప్‌కు 150 నుంచి 300 ఎంజీ కెఫీన్ ఉండటం మామూలు. దాని మీద ఒక ఎనర్జీ డ్రింక్, రెండు టీలు పడితే పెద్దవాళ్లకు రోజు పరిమితిగా చెప్పే 400 ఎంజీ దాటిపోతుంది. గుండె దడ, లయ తప్పడం, ఛాతీ బిగువు అక్కడినుంచే.

"దమ్ము ఇంజెక్షన్" అనే మెఫెంటర్మిన్ కథ వేరు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే లేపడానికి వాడే మందు అది. జిమ్‌లలో, ఈవెంట్స్ (సెలక్షన్‌లో పరుగు, షాట్‌పుట్ లాంటి పరీక్షలు) ముందు గుట్టుగా ఎక్కించుకుంటున్నారు. బీపీ ఎగబాకుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, అలసట తెలియకపోవడంతో శరీరం ఆగమని చెప్పే మాట వినబడదు. అలవాటు కూడా పడుతుంది. టెస్టోస్టిరాన్ లాంటి స్టిరాయిడ్లు మంచి కొలెస్ట్రాల్‌ను పడగొట్టి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచి, గుండె గోడలను మందం చేస్తాయి. ఇవి వాడి ఉంటే ఎమర్జెన్సీ డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, ఇచ్చే మందు మారుతుంది.

జ్వరం తగ్గి వారమైంది. ఈవెంట్స్ ప్రాక్టీస్ మొదలుపెట్టొచ్చా?

ఒట్టి జలుబైతే తేలికగా మొదలుపెట్టొచ్చు. ఒళ్లు నొప్పులు, జ్వరం, విరేచనాలు ఉన్నంతకాలం పూర్తి విశ్రాంతి. డెంగీ తర్వాత ప్లేట్‌లెట్లు పెరిగినంత మాత్రాన సరిపోదు. మొదటి వారం నడక, రెండో వారం మెల్లటి జాగింగ్. ఈ దశలో ఛాతీ నొప్పి, కూర్చున్నప్పుడు కూడా నాడి మామూలు కంటే 20 ఎక్కువ, మెట్లెక్కితే ఆయాసం ఉంటే ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేదాన్ని చూసే రక్తపరీక్ష), ఎకో చేయించాలి. గుండె కండరం వాపు అని తేలితే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు గట్టి వ్యాయామం బంద్. సెలక్షన్ తేదీ చూసి ఈ గడువు తగ్గించుకోవడానికి లేదు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పిల్లలకు ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. గోండు, కొలాం తదితర ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్రరక్త కణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. తల్లి లేదా తండ్రి నుంచి ఒక్క జన్యువే వచ్చినవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, గ్యాప్ లేకుండా వెంటవెంట స్ప్రింట్లు తీస్తే తొడలు, నడుము బలం పోయి కుప్పకూలవచ్చు. స్పృహ ఉంటుంది, కాళ్లు లేవవు. కోచ్ దీన్ని బద్ధకం అనుకుని లేపి పరుగెత్తించడమే ప్రాణాంతకం. ఆపి, నీడకు తెచ్చి, చల్లబరిచి, ఆస్పత్రికి తీసుకుపోవాలి.

రెండు జన్యువులూ ఉన్న సికిల్ సెల్ రోగికి జ్వరంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే అది ఎమర్జెన్సీ. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్ష ఉచితం. ఫలితం తెలుసుకుని కోచ్‌కు చెప్పండి.

ఈసీజీ నార్మల్ వచ్చింది. ఇక ఏమీ లేనట్టేనా?

కాదు. నొప్పి లేనప్పుడు తీసిన ఒక్క ఈసీజీ చెప్పేది కొంతే. నొప్పి ఉన్నప్పుడు తీసినదాని విలువ ఎక్కువ. అనుమానం ఉంటే కొద్దిసేపటికే మళ్లీ తీస్తారు. ట్రోపోనిన్ కూడా కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. సుదీర్ఘమైన పరుగు తర్వాత ఆరోగ్యవంతుల్లోనూ అది కొంచెం పెరుగుతుంది కాబట్టి ముందురోజు ఏం చేశారో డాక్టర్‌కు చెప్పండి. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగా ముదిరిన అడ్డంకులను పట్టుకుంటుంది, పలచటి కొవ్వు పొర ఉంటే దానికి దొరకదు. తప్పు చోట మొలిచిన నాళానికి సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) కావాలి. మరోవైపు, బాగా సాధన చేసినవాళ్ల నాడి విశ్రాంతిలో 50కి దిగడం, ఈసీజీలో కొన్ని మార్పులు కనిపించడం జబ్బు కాదు.

మెడికల్‌లో తీసేస్తారేమోనని భయం. చెప్పకుండా ఉంటే?

ఛాతీ నొప్పి కారణాల్లో ఎక్కువ భాగం నయమయ్యేవే, సెలక్షన్‌కు అడ్డు రావు. ఆర్మీకి ఆస్తమా, గుండె జబ్బు అనర్హతే. అలాంటిది నిజంగా ఉంటే 1,600 మీటర్ల పరుగులో బయటపడే కంటే డాక్టర్ గదిలో బయటపడటం మేలు.

నొప్పి రాకుండా 1,600 మీటర్లు ఎలా సాధన చేయాలి?

2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. 400 మీటర్ల ట్రాక్ మీద మగవాళ్లకు రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్లు పడుతుంది. గుంపుతో పాటు ఎగబడి మొదటి రౌండ్ 1:25కి కొట్టి, మూడో రౌండ్‌లో ఛాతీ పట్టేసి కూర్చునేవాళ్లే ఎక్కువ. మొదటి రౌండ్ 1:48 కంటే వేగంగా పోకుండా గడియారం పెట్టుకోండి.

మూడు నెలల సమయం ఉంచుకోండి. వారానికి నాలుగు పరుగులు: మూడు మాట్లాడగలిగే వేగంతో, ఒక్కటే ఇంటర్వెల్స్. ఇంటర్వెల్స్ అంటే 400 మీటర్లు 1:45కి, తర్వాత రెండు నిమిషాల నడక, ఇలా మొదట నాలుగు, తర్వాత ఆరు. వారానికి దూరం పది శాతం కంటే పెంచొద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటలకల్లా ముగించాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆఖరి రౌండ్ కాగానే కూలబడకుండా ఐదు నిమిషాలు నడవండి. ఇది నొప్పి లేనివాళ్లకు చెప్పే మాట, నొప్పి ఉంటే కూర్చోవాల్సిందే.

పక్కన పరుగెత్తేవాడు పడిపోతే?

భుజాలు తట్టి పిలవండి. పలకకుండా, ఊపిరి తీయకుండా, లేదా నోరు తెరిచి అప్పుడొకటి ఇప్పుడొకటి ఎగశ్వాస తీస్తుంటే గుండె ఆగినట్టే. మొదట్లో ఫిట్స్‌లా చేతులు కొట్టుకోవచ్చు. తాళంచెవులు చేతిలో పెట్టి, ఉల్లిపాయ వాసన చూపించి సమయం పోగొట్టొద్దు. ఒకరు 108కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాలి, ఒకరు గేటు దగ్గర నిలబడి అంబులెన్స్‌కు దారి చూపాలి.

వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా నొక్కండి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోట్లోకి ఊదడం రాకపోతే నొక్కుతూ ఉండటమే చాలు. రెండు నిమిషాలకు మనిషి మారాలి, అలసిన చేతులు లోతుగా నొక్కలేవు. ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

షాక్ ఇచ్చే యంత్రం దొరికితే ఆన్ చేయండి, ఏం చేయాలో అదే చెబుతుంది. ప్యాడ్‌లు పెట్టేముందు ఛాతీ మీది చెమటను టవల్‌తో పూర్తిగా తుడవాలి, తడి మీద అవి అంటుకోవు.